పల్లీలు పడని ఇల్లు

నాగర్‌కర్నూల్ దవాఖాన వరండాల కోడలు సింధూజ. బిజినేపల్లి దిక్కు ఊర్ల, ఇంటి ముంగట అత్త ఎంకమ్మ. నడుమ ఫోను.

"పెట్టకు! ఫోన్ పెట్టకత్తమ్మా! ఈసారి కట్ చేసినవంటె నీ మనుమని మొకం మళ్ల చూడవు, చెప్తున్న!"

"బెదిరిస్తున్నవా? నువ్వు? నన్ను?"

"బెదిరిస్తలేను. బాబు కండ్లు తెరిచిండని చెప్పనీకె చేస్తుంటె కట్ చేస్తివి."

"ఏందీ? తెరిసిండా? మళ్ల సెప్పు."

"తెరిచిండు. ఏడుస్తుండు గూడ. గొంతు బొంగురుపోయింది గని ఏడుస్తుండు. మొకం వాపు జర దిగింది. రేపటి దాంక ఈడ్నే పెట్టుకుంటం అన్నరు."

"మైసమ్మ తల్లీ! నీకు యాటను కోస్త తల్లీ! ఓ మల్లయ్యా, పిలగాడు కండ్లు తెరిసిండంటరా! నేనేమన్న? దేవమ్మను గుంజకు కట్టంగనె తెరుస్తడు అన్ననా లేదా?"

"గుంజకు కట్టిర్రా?"

"మరి? సంకల ఎత్తుకోని ఆడిపియ్యాల్నా?"

"అంటే దేవమ్మ బిడ్డ రేణుక చెప్పింది నిజమే. ఫోన్ చేసి ఒకటే ఏడుపు. అక్కా, మా అమ్మను మీ ఇంటి ముంగట కట్టేసిర్రు, బాణామతి చేసిందంటుండ్రు అని. నేను నమ్మలే. మా అత్తమ్మకు కోపమెక్కువ గని గంత పని చెయ్యదమ్మా అన్న. నా నోట్ల మన్నువడ."

"దాని బిడ్డ నీకు ఫోన్ చేస్తదా? దాని తల్లి నా వంశం మింగ చూస్తె, అది నీకు అక్కా అని ఫోన్ చేస్తదా? నువ్వు ఎత్తుతవా?"

"ఎత్తుత. పది సార్లు చేస్తె పది సార్లు ఎత్తుత. ఇను. కట్టేస్తె తెరువలే వాడు కండ్లు. తొడకు సూది ఇచ్చిర్రు, గప్పుడు తెరిచిండు. బాబుకు ఎవరు ఏం చెయ్యలే. పల్లీలు పడలే."

"ఏం పడలే?"

"పల్లీలు. అలర్జీ అంటరు."

"పల్లీలా! నాలుగెకరాల పల్లికాయ ఏసే ఇంట్ల పుట్టినోనికి పల్లీలు పడవంట! ఊరు నవ్వుతది సింధూజ. ఎవరి ముంగటనన్న అనేవు."

"నవ్వని. నవ్వితె పాణం పోదు."

"మొన్న చట్నీ నాకితె మూతి ఎర్రగైందని గిదే పురాణం ఇప్పితివి. కారానికి మండిందే అన్న. ఇప్పుడు డాక్టరు నోట్లకెళ్లి నీ మాటనే పలికిపిచ్చుకుంటున్నవు."

"ఔ, డాక్టరు నాకు మేనమామ."

"అసలు మీ ఇంట్ల ఏది పడ్తది? నీకు థైరాయిడు, లేస్తె గోలి. మీ అక్కకు ఒంటినిండ పొలుసులు. మీ తమ్మునికి దుమ్ము పడదు, మూతికి గుడ్డ కట్టుకోని తిరుగుతడు. మా కాలంల యాడివే గివన్ని? బురదల పొర్లినం, బాయి నీళ్లు తాగినం, ఒక్కనికి ఏం కాలే. గా పాడు రక్తం తెచ్చి నా మనుమనికి పోసినవు."

"నా రక్తమే దొరికింది నీకు. డాక్టరు గూడ అన్నడు, ఇదివరకు గిసుంటివి పుస్తకాలల్ల చదువుడే గని చూసింది తక్కువ అని. ఇప్పుడు ఊకె వస్తున్నరంట. ఒక్క మన దగ్గరనే కాదు, అన్ని దేశాలల్ల పెరుగుతున్నయంట. ఎందుకు పెరుగుతున్నయో వాళ్లకు గూడ సక్కగ తెల్వదంట."

"తెల్వదన్నడు గద! తెల్వనోడు పల్లీలని ఎట్ల సెప్తడు?"

"ఎందుకు పెరుగుతున్నయో తెల్వదు. ఏందో తెల్సు. ఒంట్ల కాపలా ఉంటదంట అత్తమ్మా. బయటి రోగమొస్తె గది కొట్టాలె. గా కాపలాకు పిచ్చి లేసి పల్లి గింజను చూసి దొంగ దొంగ అని ఇల్లంత ఆగమాగం చేస్తదంట. ఇప్పుడు చిన్నమామ చేస్తున్నట్టే."

"మల్లయ్య జోలికి పోకు."

"ఎందుకు పోవద్దు? ఆయన చేతుల ఏముంది?"

"ఏముంటది."

"నిజం చెప్పు. ఏముంది?"

"ఏముంటదే! చేతులుంటయి!"

"పటకారుందంట. రేణుక చెప్పింది."

"ఉంటె ఉన్నది. పండ్లు పీకుతరు. నోట్ల పండ్లు లేకుంటె మంత్రం పలకదు. దీని తల్లికి గూడ పీకిపిచ్చినం, ఇన్నేండ్లు ఊరు సల్లగ లేదా? మా పెద్దోణ్ని, మద్దిలేటిని మింగింది గా జములమ్మ. రవి అప్పుడు నా కడుపుల ఉన్నడు. దాని పండ్లు ఊడినంకనే రవి బతికి బట్టకట్టిండు. లేకుంటె నీకు మొగడు యాడికెళ్లి వస్తుండె?"

"నేను పెండ్లయి వచ్చినప్పుడు చూసిన జములమ్మను. నన్ను చూసి నవ్వబోయి కొంగు అడ్డం పెట్టుకుంది. నోట్ల ఒక్క పన్ను లేదు. అంబలి తాగుకుంటనే చచ్చింది గా ముసల్ది."

"మంచిగైంది."

"మంచిగైందా!"

"మంచిగనే అయ్యింది. నా బిడ్డ మన్నుల కలిసిండు. అది అంబలన్న తాగింది."

"సరే. జములమ్మ ముచ్చట ఇడువు. ఇప్పుడు దేవమ్మ ఏం చేసింది? నీ కండ్లతోటి చూసింది చెప్పు. వాళ్లు వీళ్లు అన్నది కాదు."

"నా కండ్లతోటే సూసిన. అందరు కూసోని విత్తనం ఒలుస్తున్నరు. పిలగాడు పాక్కుంట పోయి దాని ఒళ్ల కూసున్నడు. గంత మంది ఉండంగ దాని ఒళ్లకే ఎందుకు పోతడు?"

"ఎందుకా? పుట్టినప్పటి సంది నీళ్లు పోసింది ఆమె గనుక. నాకు ఆపరేషన్ అయి లేవరాకుంటె వాణ్ని కాళ్ల మీద పండుకోబెట్టుకోని నూనె రాసింది ఎవరు? నువ్వు మోకాళ్ల నొప్పులని మంచం దిగకపోతివి."

"గదే! గప్పటి సంది పెట్టుకుంది కన్ను. ఇను. అది ఒక గింజ నోట్లేసుకోని నమిలింది. నమిలి కండ్లు మూసుకుంది. పెదవులు కదిలిచ్చింది. లోపల్లోపల ఏందో గొణిగింది. గొణిగి, గా ఎంగిలి తీసి వాని నోట్ల పెట్టింది. నేను ఇంట్లకు పోయి సెంబు తెచ్చే లోపల వానికి ఒంటినిండ దద్దుర్లు, మూతి ఇంత ఉబ్బె, గురక వెట్టె. మంత్రం కాకుంటె గది ఏందే?"

"స్తోత్రం."

"ఏందీ?"

"స్తోత్రం అత్తమ్మా! ప్రార్థన! చర్చికి పోయెటోళ్లు బుక్క నోట్ల పెట్టెముందు దేవునికి చెప్పుకుంటరు. ప్రభువా, నీకు స్తోత్రం అంటరు. ఆమె మన ఇంట్ల సద్ది తినెటప్పుడు రోజు అంటది, నేను రోజు ఇంట. నువ్వు ఇన్లేదా? మన బాబుకు పెట్టే గింజకు గూడ దేవుని పేరు తలిచింది. గదానికి పండ్లు పీకుతరా?"

"వాళ్ల దేవుని పేరు నా మనుమని మీద ఎందుకు తలవాలె?"

"అట్లన్న ఒప్పుకుంటివి, దేవుని పేరే అని!"

"నేనేం ఒప్పుకోలే."

"చర్చికి పోయెటామెకు బాణామతి ఏందో నాకైతె సమజైతలేదు."

"నీకు సమజుగాదు. డిగ్రీ సదివినవు గద."

"నమిలి పెట్టుడు నాకు గూడ నచ్చలే. గని ఆమెకు ఎట్ల తెలుస్తది, వానికి పల్లీలు పడవని? కూలికొచ్చెటోళ్లకు చెప్త అంటె నువ్వే వద్దంటివి. పరువు పోతదంటివి."

"పోదా మరి? విత్తనపు కాయ అమ్ముకునే ఇల్లు. మన కాయ మన పోరనికే పడలేదంటె ఎవడు కొంటడు?"

"ఆ పరువు కోసం బాబు పోతుండె ఇయ్యాల! ఇంకొక్క గడియ ఆలస్యమైతె పోతుండె! డాక్టరు నన్ను తిట్టిండు, తెల్సి తెల్సి ఇంట్ల పల్లీలు పెట్టుకున్నవా అని. నేను తలకాయ దించుకోని నిలవడ్డ."

"పాణం పోతె దేవమ్మను పండ్లతోటి ఇడుస్తుంటిమా? పెట్రోలు పోస్తుంటిమి."

"నేను పోలీసులకు ఫోన్ చేస్త."

"చెయ్యి."

"ఉత్తగ అంటలేను అత్తమ్మా. చేస్త."

"చెయ్యే. నేను ఫోన్ల మాట్లాడుతున్న గాబట్టే వీళ్లు ఆగిర్రు. నువ్వు గిది పెట్టేసి పోలీసులకు చెయ్యి, వాళ్లు బిజినేపల్లి దాటకముందే మల్లయ్య పని కానిస్తడు. చేసినంక నీ మొగని పేరు గూడ చెప్పు. దాన్ని కట్టెయ్యిర్రి, పటకారు తేపియ్యిర్రి అని కారెక్కుకుంట చెప్పి పోయింది వాడే."

"ఎవరు?"

"నీ మొగడు."

"రవియా?"

"మరి ఇంకెంతమంది మొగళ్లున్నరు నీకు?"

"గందుకేనా! గందుకే నా మొకం చూస్తలేడు. బాబు బతికిండని డాక్టరు చెప్పంగనె గోడ దిక్కు తిరిగి నిలవడ్డడు. దేవమ్మ సంగతి ఇంటికి ఫోన్ చేసి చెప్పు అంటె, నువ్వే చెయ్యి అన్నడు. చెయ్యనీకె మొకం లేదు గద. దొంగ సచ్చినోడు."

"మొగుణ్ని తిట్టకు."

"తిడ్త! ఆయన్ని తిడ్త, నిన్ను తిడ్త, మీ ఊరునంత తిడ్త! జైలుకు పోతె పోని, నేనే పేరు చెప్త!"

"వదినె! ఎంతసేపు మాటలు? పిలగాడు బాగైండు గద. ఇగ దీని సంగతి కానియ్యమంటవా?"

"ఆగు మల్లయ్యా. కోడలు మాట్లాడుతుంది."

"చిన్నమామా! ఓ చిన్నమామా, ఆమె మీద చెయ్యి ఎయ్యకు! అత్తమ్మా, స్పీకర్ పెట్టు. అందరు ఇనాలె."

"నాకు రాదు పెట్టుడు."

"పొద్దున్నే భజన పాటలు ఇననీకె వస్తది గద!"

"రాదన్న గద. ఏం సెప్పాల్నో నాకే సెప్పు."

"సరే. నీకే చెప్త. కాదు, నువ్వే నాకు చెప్పాలె. డాక్టరు ఒకటి అడిగిండు. మీ ఇంట్ల ఇదివరకు ఎవరికన్న గిట్లయిందా అని."

"మీ ఇంట్లనా?"

"మా ఇంట్ల కాదు. మీ ఇంట్ల. మావి అన్ని రాసుకుండు, థైరాయిడు, దుమ్ము, అన్ని. తర్వాత రవిని అడిగిండు."

"మా ఇంట్ల ఎవరికి కాలే."

"రవి చెప్పిండు. మాకొక అన్న ఉండె, చిన్నప్పుడు మొకం వాచి చనిపోయిండని. డాక్టరు ఆయన్నే చూసుకుంట కూసున్నడు. ఆ పొద్దు ఏం తిన్నడు అని అడిగిండు. రవికి తెల్వదు. నీకు తెల్సు."

"ఏం తినలే."

"రెండేండ్ల పిలగాడు ఏం తినకుంట ఉంటడా?"

"పాలు తాగిండు."

"ఇంకా?"

"పాలే. సచ్చినోని తిండి నీకెందుకే?"

"ఉన్నోని కోసం! నా కొడుకు కోసం! తెలిస్తె మంచిగ మందులు రాస్తరంట, పరీక్షలు చేస్తరంట. చెప్పు. పల్లీలు తిన్నడా?"

"ఆగు, జర అవుతలకు పోతున్న. ముందుగాల దద్దుర్లే వస్తయా?"

"ఏంది?"

"అడిగినదానికి సెప్పు. ముందుగాల దద్దుర్లే వస్తయా?"

"వస్తయి. బాబుకు గట్లనే గద."

"చెవులు ఎర్రగైతయా? వాడు చెవులు గోక్కున్నడు. ఏడుస్తలేడు. ఉత్తగ చెవులు గోక్కున్నడు."

"ఎవరు? బాబా?"

"మద్దిలేటి."

"అత్తమ్మా..."

"కక్కుతరా?"

"కక్కుతరంట."

"కక్కిండు. బెల్లం వాసనొచ్చింది."

"బెల్లంతోటి ఏం తిన్నడు?"

"అప్పుడు గూడ విత్తనమే ఒలుస్తున్నం. నేను, మా అత్త, జములమ్మ. వాడు నా ఒళ్ల కూసోని కొంగు గుంజుతుండు, పాలకు. రవి కడుపుల ఉన్నడు గద, పాలు ఎండిపాయె. ఊకె ఏడుస్తుంటె మా అత్త తిట్టింది, పోరని నోట్ల ఏమన్న పెట్టవే అని. నాలుగు గింజలు తీస్కోని దంచిన. గొంతుకు అడ్డం పడ్తయేమో అని మెత్తగ దంచిన. బెల్లం ముక్క కలిపిన."

"నువ్వే పెట్టినవా?"

"గీ చేత్తోటి పెట్టిన. ఇంకా కావాలని నోరు తెరిసిండు. ఇంకింత పెట్టిన."

"మరి జములమ్మ ఏం చేసింది?"

"ఏం చేసిందో తెల్వదా నీకు?"

"తెల్వదు. ఎవరు చెప్పలే. మింగింది మింగింది అంటరు, ఏం చేసిందో ఎవరు చెప్పరు."

"ఎత్తుకుంది. వానికి ఊపిరి ఆడకుంటె నేను రొమ్ము కొట్టుకోని ఏడుస్తున్న, మా అత్త గుడ్లు మిటకరిచ్చి సూస్తుంది. అది సేతుల కాయ ఇసిరిగొట్టి వాణ్ని భుజానేసుకోని రోడ్డుకు ఉరికింది. బస్సుకు అడ్డం నిలవడ్డది. బస్సు ఆగింది గని, ఎక్కకముందే దాని భుజం మీద పోయిండు. నా ఒళ్ల కాదు, దాని భుజం మీద. ఎందుకెత్తుకుంది? నన్ను అడగకుంట నా బిడ్డను ఎందుకెత్తుకుంది?"

"బతికియ్యనీకె అత్తమ్మా! బతికియ్యనీకె! ఒక్క సూది, తొడకు ఒక్క సూది. ఆమె ఈడి దాంక తెచ్చుంటె..."

"నోర్ముయ్!"

"మూసుకోను. జములమ్మ ఏం చెయ్యలే. దేవమ్మ ఏం చెయ్యలే. పెద్దబావకు గూడ పల్లీలు పడలే, గంతే. నువ్వు తెల్వక పెట్టినవు. నీ తప్పు గూడ కాదు, ఇంటున్నవా? బిడ్డకు ఆకలైతె తల్లి పెట్టదా? నీ తప్పు కాదు."

"పెట్టుడు తెల్వక పెట్టిన. మరి పండ్లు? గవి గూడ తెల్వకనే పీకిపిచ్చిన్నా? జములమ్మ తలకాయ పట్టుకుంది ఎవరనుకుంటున్నవు? నేనే. కదలకుంట తొడల నడుమ అదిమి పట్టిన, నిండు కడుపుతోటి. నోరంత నెత్తురు. నా దిక్కే సూస్తుండె. వాడు నాకు మాత్రం బిడ్డ కాదా ఎంకమ్మా అన్నది. మాట సక్కగ రాలే, ఉమ్ము, నెత్తురు. నేను ఇంకింత గట్టిగ పట్టిన. ఇప్పుడు తిట్టు."

"ఇప్పుడు తిట్టి ఏం చెయ్యను. చచ్చినామెను నేను తేలేను. ఉన్నామెను ఇడిపియ్యి. దండం పెడ్త, కాళ్లు మొక్కుత. దేవమ్మను ఇడిపియ్యి."

"ఇడిస్తె ఏమైతదో తెల్సా నీకు? ఇది ఏం చెయ్యలేదంటె దీని తల్లి గూడ ఏం చెయ్యనట్టే. దీని తల్లి ఏం చెయ్యకుంటె నా కొడుకును సంపింది ఎవరు? సెప్పవే, ఎవరు? ఇన్నేండ్ల సంది దాన్ని తిట్టుకుంట బతికిన నేను. పొద్దున లేస్తె దాన్ని తిట్టి బొట్టు పెట్టుకున్న. అది సచ్చిననాడు పాయసం వండుకున్న. ఇప్పుడు నువ్వు ఫోన్ చేసి, అది కాదు, నువ్వే అంటున్నవు."

"నేను గట్ల అంటలేను!"

"ఇంకెట్ల అంటరు?"

"దేవమ్మ ఏం చేస్తుంది?"

"నా దిక్కే సూస్తుంది. గుంజకాడికెళ్లి. తల్లి కండ్లే దానివి."

"అయితె అత్తమ్మా, ఒక్క మాట. మద్దిలేటి ముచ్చట చెప్పకు, ఎవరికి చెప్పకు, నేను గూడ చెప్ప. నా కొడుకు మీద ఒట్టు. ఉత్త బాబు ముచ్చటనే చెప్పు. వానికి పల్లీలు పడలేదంట, డాక్టరు చెప్పిండంట అను. కట్లు ఇప్పుతరు. నువ్వంటె చిన్నమామ ఇంటడు."

"వదినె! ఏందే, ఏడుస్తున్నవు? పిలగానికి మళ్ల ఏమన్నయిందా? ఏమంటుండ్రు దవాఖానల?"

"చెప్పత్తమ్మా. నేను ఇంట."

"ఏం లేదు మల్లయ్యా. డాక్టరుకు గూడ రోగం దొరుకుతలేదంట. మందులకు లొంగేది కాదు, ఎవరన్న ఏమన్న చేసిర్రేమో చూసుకోర్రి అన్నడంట. నువ్వు కానియ్యి. తలకాయ నేను పట్టుకుంట."